1813 పొటోసీ సూర్యుడి నాణెం, 8 రియాల్స్ వెండి, చిల్లు పూడ్చింది దొరికింది, కొనమంటారా? పెద్దలు కాస్త చూడండి

తెనాలి_టు_డాలస్:
అందరికీ నమస్తే. నేను ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. మొన్న శనివారం డాలస్ దగ్గర ఒక కాయిన్ షోకి వెళ్ళాను, అసలు వెళ్ళింది మన ఈస్టిండియా కంపెనీ రూపాయల కోసం, 1835 విలియం రాజు బొమ్మది మంచిదొకటి దొరుకుతుందేమో అని, కానీ ఒక టేబుల్ మీద ఇంత పెద్ద వెండి నాణెం, మధ్యలో కళ్ళూ ముక్కూ నోరూ ఉన్న సూర్యుడు, చుట్టూ కిరణాలు, అక్కడే ఆగిపోయాను. సూర్యుడి వైపు చుట్టూతా ప్రొవిన్సియాస్ డెల్ రియో డె లా ప్లాటా అని ఉంది. రెండో వైపు కోడిగుడ్డు ఆకారంలో ఒక గడి, అందులో రెండు చేతులు కలిపి ఒక కర్రని పట్టుకుని ఉన్నాయి, కర్ర మీద టోపీ, చుట్టూ ఆకుల దండ, ఎన్ యూనియన్ ఇ లిబర్తాద్ అని అక్షరాలు, 8 ఆర్, జె, 1813. పై అంచు దగ్గర ఎప్పుడో చిల్లు పెట్టి మళ్ళీ పూడ్చినట్టు తెలుస్తోంది. దాని వల్ల మామూలు రేటులో సగం కంటే తక్కువకే ఇస్తానంటున్నాడు, వచ్చే శనివారం వరకు పక్కన పెడతానన్నాడు. నాకు మన నాణేలు కొంచెం తెలుసు, ఇది అస్సలు తెలీదు. అసలుదేనా ఎలా చూసుకోవాలి, చిల్లుది కొనొచ్చా?

వెండికాసు:
తెనాలి బాబూ, డబ్బులు కట్టేయకుండా ముందు అడిగావు, మంచి పని చేశావు. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది 1813 పొటోసీ 8 రియాల్స్, రియాల్ అంటే స్పెయిన్ వాళ్ళ పాత నాణేల లెక్క, ప్రపంచ నాణేల క్రాజ్ కేటలాగులో అర్జెంటీనా కింద కేఎం 5 అనే నంబరు చూడు. నాణెం మీద ఉన్న రియో డె లా ప్లాటా రాష్ట్రాలు అర్జెంటీనా పాత పేరు కాబట్టి అర్జెంటీనా కింద పెడతారు గానీ కొట్టింది ఇప్పటి బొలీవియాలో ఉన్న పొటోసీ టంకశాలలో. సముద్రానికి దాదాపు 4000 మీటర్ల ఎత్తులో ఊరు, పక్కనే వెండి కొండ, స్పెయిన్ వాళ్ళు 1545 నుంచి తవ్విన కొండ అది. రాజుల పేరు మీద తరాల తరబడి నాణేలు కొట్టిన ఆ టంకశాలలోనే రాజు లేని మొదటి నాణెం పుట్టింది, నాకు దీని మీద ఇష్టం అందుకే.

ముందు టంకశాల గుర్తు వెతుకు. చేతుల వైపు అక్షరాల వరసలోనే పీ, టీ, ఎస్ మూడూ ఒకదాని మీద ఒకటి కలిపి రాసిన ముద్ర ఉంటుంది, మొదటిసారి చూసేవాళ్ళకి అది అక్షరం లాగే కనపడదు. నువ్వు చెప్పిన జె వెండి మేలిమి పరీక్ష చేసినవాడి అక్షరం. అదే టంకశాలలో ఆ కాలపు రాజు నాణేల మీద పీజె అని రెండక్షరాలు ఉంటాయి, దీని మీద జె ఒక్కటే. బరువు 27 గ్రాముల దగ్గర ఉండాలి, అరిగింది కాబట్టి 26 పైన ఎంతున్నా కంగారు లేదు. మేలిమి వెయ్యికి 896 పాళ్ళు.

ఓరుగల్లు_పోరడు:
అన్నా జర పైలం. నేను మూడేండ్ల కింద ఇసొంటిదే ఆన్‌లైన్ల కొన్న, ఫోటోల మస్తు కనపడ్డది, నల్లగ పాతగ ఉన్నది, అమ్మెటోడు మా తాత పెట్టెల దొరికింది అన్నడు నేను నమ్మిన. ఇంటికొచ్చినంక తూకం పెడితే 22.4 గ్రాములు. గప్పుడు గుండె జారింది. సూర్యుని మొకం గూడ ఉబ్బినట్లు ఉండె, కిరణాల నడుమ గుంతలు గుంతలు, పోత పోసినట్లు. పైసలు వాపస్ రాలే. ఆ దుఃఖంల రెండేండ్లు విదేశీ నాణెం ముట్టలే నేను. నీకు గట్ల కావద్దని చెప్తున్న.

తెనాలి_టు_డాలస్:
అయ్యో అన్నా. అయితే తూకం ఒక్కటీ సరిపోతే చాలా, బరువు సరిగ్గా ఉండే నకిలీలు కూడా ఉంటాయా?

వెండికాసు:
ఉంటాయి. అందుకే నీళ్ళ పరీక్ష కూడా చెయ్యి, దానికి పెద్ద సామాను అక్కర్లేదు, 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తూకం ఉంటే చాలు. ముందు నాణెం బరువు రాసుకో. తర్వాత గ్లాసులో నీళ్ళు పోసి గ్లాసుని తూకం మీద పెట్టి సున్నా చెయ్యి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదియ్యి, అడుగుకీ గోడకీ తగలకూడదు, బుడగలు అంటుకుంటే మెల్లగా కదిపి పోగొట్టు. ఇప్పుడు తూకం చూపించే అంకె నాణెం పక్కకి నెట్టిన నీటి బరువు. నాణెం బరువుని దాంతో భాగిస్తే సాంద్రత. 896 వెండి, మిగతాది రాగి అయితే 10.3 దగ్గర రావాలి. జర్మన్ సిల్వరూ ఇత్తడీ అయితే 8 ముప్పావు లోపు, రాగి నికెల్ అయితే 8.9. ఓరుగల్లు తమ్ముడూ, నీది కూడా ఒకసారి చేసి చూడు, ఎలాగూ దగ్గర ఉందిగా.

ఇంకో సంగతి, ఇది మాత్రం మర్చిపోకు. ఈ సూర్యుడి నాణేలు పొటోసీలో కొట్టింది 1813లోనూ 1815లోనూ మాత్రమే. 1814 తేదీతో ఎవడైనా చూపిస్తే తూకం కూడా వెయ్యక్కర్లేదు, లేచి వచ్చెయ్.

సీమకుర్రోడు:
మధ్యలో ఆ ఒక్క సంవత్సరం ఎందుకు లేదు సార్? టంకశాల మూసేసినారా?

గోదారోడు:
అది నేను చెప్తానండి, ఈ కథ అంటే నాకు ప్రాణం, కొంచెం పొడుగవుతుంది ఓపిక పట్టండి. 1810 మే 25న ఇప్పటి అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో జనం స్పెయిన్ వైస్రాయిని దింపేసి సొంతంగా ఒక జుంటా, అంటే పాలక మండలి, పెట్టుకున్నారు, కానీ బయటికి ఏం చెప్పారంటే మేం స్పెయిన్ రాజు ఫెర్డినాండు పేరు మీదే పాలిస్తున్నాం అని, ఎందుకంటే అప్పుడు ఆ రాజు నెపోలియన్ చేతిలో బందీ. అంటే విప్లవం అయిపోయింది గానీ రాజు పేరు ఇంకా వదల్లేదు. 1813 జనవరి 31న అసెంబ్లీ కూర్చుంది, వీళ్ళు రాజు పేరు మీద ప్రమాణం మానేశారు. ఫిబ్రవరి 20న వీళ్ళ సేనాని బెల్గ్రానో సైన్యం సాల్టా దగ్గర రాజు సైన్యం మీద గెలిచింది, దాంతో పైన కొండల్లో ఉన్న పొటోసీకి దారి తెరుచుకుంది. ఏప్రిల్ 13న అసెంబ్లీ చట్టం చేసింది, పొటోసీ టంకశాలలో బరువూ మేలిమీ విలువా పాతవే ఉంచండి, రాజు బొమ్మా రాజు ముద్రా తీసేసి కొత్త ముద్రలు వెయ్యండి అని.

అలా ఆ ఏడాది నడిమిలో మొదలైంది. ఎన్ని నెలలు సాగిందనుకున్నారు? అక్టోబరు 1న విల్కపూహియోలో ఓడిపోయారు, నవంబరు 14న అయోహుమాలో మళ్ళీ ఓడిపోయారు, పొటోసీ వదిలేసి వెనక్కి వచ్చేయాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ టంకశాల శత్రువు చేతికి పోకూడదని పేల్చేయబోయారు, అది జరగలేదు, ఆ భవనం ఇప్పటికీ మ్యూజియంగా ఉంది. రాజు మనుషులు తిరిగొచ్చి అదే చోట మళ్ళీ ఫెర్డినాండు బొమ్మ కొట్టడం మొదలెట్టారు. 1814లో సూర్యుడు లేకపోవడానికి కారణం అదండి. 1815లో దేశభక్తుల సైన్యం మూడోసారి పైకెక్కింది, పొటోసీ మళ్ళీ చేతికొచ్చింది, మళ్ళీ సూర్యుడు, ఆ నవంబరు 29న సిపె సిపె దగ్గర ఓటమి, అక్కడితో పొటోసీలో అయిపోయింది. తెనాలి తమ్ముడు చూసిన నాణెం, ఆ ఏడాది పొటోసీలో కొన్ని నెలలు మాత్రమే నిలిచిన ఒక ప్రభుత్వపు చేతి ముద్ర అన్నమాట.

సీమకుర్రోడు:
అబ్బ చానా బాగా చెప్పినారన్నా. ఒక డౌటు, స్వాతంత్ర్యం ప్రకటించింది ఎప్పుడు మరి?

గోదారోడు:
1816 జులై 9, టుకుమాన్ ఊళ్ళో. అంటే నాణెం మీద రాజు పోయిన మూడేళ్ళకి కాగితం మీద పోయాడు.

వెండికాసు:
ఇక్కడే నాకు మన సంగతి గుర్తొస్తుంది. మనకి 1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చింది, కానీ 1950 ఆగస్టు 15న నాలుగు సింహాల అణాల సిరీస్ వచ్చేదాకా మన జేబుల్లో ఉన్నది ఆరో జార్జి తలకాయే. మనకి కాగితం ముందు, నాణెం మూడేళ్ళు వెనక. వాళ్ళకి నాణెం ముందు, కాగితం మూడేళ్ళు వెనక. మా నాన్నగారు ఆ అణాలు మొదటిసారి చేతికొచ్చిన రోజు గురించి చెప్పేవారు, అర్ధణా మీద ఎద్దు బొమ్మ చూసి ఇంట్లో అందరూ ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారట. 1813లో పొటోసీ బజార్లో ఈ సూర్యుడిని మొదటిసారి చూసినవాళ్ళు కూడా అలాగే తిప్పి తిప్పి చూసి ఉంటారు కదా అనిపిస్తుంది నాకు. తరతరాలుగా వెండి అంటే రాజు ముఖం, రాజు చిహ్నం. అది తిప్పితే చేతులు కలిపిన బొమ్మ.

లక్ష్మి_కాసులపేరు:
అన్నయ్యగారూ ఆ మాట చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. నేను చిల్లు సంగతి మాట్లాడదామని వచ్చాను. మా అమ్మమ్మ దగ్గర విక్టోరియా రూపాయలకి కొక్కేలు అతికించిన దండ ఉండేది, మేం దాన్ని ఎప్పుడూ పాడైన రూపాయలు అనుకోలేదు, అది పెళ్ళిలో మెడలో వేసుకున్న వస్తువు. ఈ నాణేలకీ అంతే, అక్కడి వాళ్ళు చిల్లు పెట్టి మెడలో వేసుకున్నవి, బట్టలకి కుట్టుకున్నవి చాలానే కనపడతాయి. కలెక్షన్‌లో పెట్టుబడి కోసం అయితే చిల్లుది కొనకండి, అమ్మేటప్పుడు అదే తగ్గింపు మీకూ వేస్తారు. దగ్గర ఉంచుకోడానికి అయితే నిరభ్యంతరంగా కొనుక్కోండి. కాకపోతే పూడ్చిన చోట భూతద్దంతో చూడండి, పూడ్చాక పోయిన అక్షరాలని కొందరు చేత్తో చెక్కుతారు, ఆ అక్షరాల అంచులు మిగతావాటిలా గుండ్రంగా అరిగి ఉండవు, పదునుగా ఉంటాయి. చెక్కినా పరవాలేదు, అమ్మేవాడు ఆ మాట చెప్పాలి అంతే.

ఓరుగల్లు_పోరడు:
మాస్టారూ చేసిన. నీళ్ళల్ల 2.60 వచ్చింది. 22.4ను దానితోని భాగిస్తే 8.6. వెండి పాడుగాను, ఇత్తడో ఇంకేందో. మూడేండ్ల సంది డబ్బాల పెట్టి ఏమో అసలుదేనేమో అని ఒక ఆశ ఉండె, ఇయ్యాల తేలిపోయింది. బాధ ఉన్నది గని మంచిగనే అనిపిస్తున్నది.

వెండికాసు:
తమ్ముడూ అది పారేయకు. నకిలీ అని ఒక చీటీ రాసి విడిగా పెట్టుకో, రేపు ఎవరైనా అనుమానంగా ఉన్నది తెస్తే పక్కన పెట్టి చూపించడానికి అంత మంచి పాఠం దొరకదు. నా దగ్గర అలాంటివి ఒక డబ్బా నిండా ఉన్నాయి, అన్నీ డబ్బులు పెట్టి కొన్నవే.

తెనాలి_టు_డాలస్:
ఒక ప్రశ్న. నిన్న అమ్మకి వీడియో కాల్‌లో ఫోటో చూపిస్తే, నల్లగా ఉంది కదరా తెచ్చాక విభూతి పెట్టి తోము, కుందులు అలాగే మెరుస్తాయి అంది. నాన్న అయితే చింతపండు అన్నారు. ఏదైనా పరవాలేదా?

లక్ష్మి_కాసులపేరు:
వద్దు వద్దు వద్దు. దయచేసి ముట్టుకోవద్దు. విభూతి అయినా పళ్ళపొడి అయినా సన్నటి గరుకు, పైపొరని గీసేస్తుంది, ఒకసారి పోయిన పైపొర మళ్ళీ రాదు. ఆ నలుపు మురికి కాదు, రెండు వందల ఏళ్ళ గాలి. జిడ్డు ఉందనిపిస్తే డిస్టిల్డ్ వాటర్‌లో కాసేపు ఉంచి, మెత్తటి బట్ట మీద పెట్టి నీరు ఆరనివ్వండి, రుద్దకండి. అమ్మగారికి చెప్పండి కుందుల మెరుపు వేరు దీని అందం వేరు అని, ఆవిడకి అర్థమవుతుంది.

సీమకుర్రోడు:
నాకూ ఒకటి కావాలనిపిస్తా ఉంది ఈ థ్రెడ్ చదివినాక, కానీ వెండిది ఇప్పుడు నా వల్ల కాదు. తక్కువలో మొదలుపెట్టేదానికి ఏమన్నా దారి ఉందా?

గోదారోడు:
ఉందండి, బ్రహ్మాండమైన దారి. అర్జెంటీనా వాళ్ళు 1994 నుంచి రెండు లోహాల 1 పేసో నాణెం కొట్టారు, దాని మీద బొమ్మ ఈ 1813 నాణెం బొమ్మే, అదే సూర్యుడు, అదే చేతులు, అవే అక్షరాలు. విదేశీ నాణేలు గుట్టగా పోసి అమ్మేవాళ్ళ దగ్గర చాలా తక్కువకి దొరుకుతుంది. అందులో 1995 తేదీవి జాగ్రత్తగా చూడండి, కొన్నిటి మీద ప్రొవిన్సియాస్ అన్న మాటలో సీ బదులు జీ అక్షరం పడింది, ఆ అచ్చు తప్పు నాణెం చాలా పేరున్నది. ఆ దేశపు జెండా మీద ఉన్న సూర్యుడు కూడా ఇదే, ఊరికే పోలిక కాదు, 1944లో వాళ్ళ ప్రభుత్వం ఉత్తర్వులోనే రాసింది, జెండా మీద సూర్యుడు 1813 బంగారు 8 ఎస్కూడోల మీదా వెండి 8 రియాల్స్ మీదా ఉన్నదే ఉండాలి, 32 కిరణాలు, ఒకటి తిన్నగా ఒకటి మెలికగా అని. తెనాలి తమ్ముడూ నువ్వు కూడా శనివారం కిరణాలు లెక్కపెట్టు.

వెండికాసు:
వెండిలోనే కావాలంటే చిన్నవి ఉన్నాయి సీమ బాబూ, 4, 2, 1, అర రియాల్ కూడా కొట్టారు, అరిగిన 2 రియాల్స్ అయితే పెద్దదాని కంటే బాగా తక్కువలో రావచ్చు. 1815వి కొనేటప్పుడు విలువ రాసిన చోట చూడు, ఆ ఏడాది కొంతకాలం రియాల్ అన్న పేరు మార్చి సోల్ అన్నారు, సోల్ అంటే సూర్యుడు, అప్పుడు 8 ఆర్ బదులు 8 ఎస్ ఉంటుంది. రాజు కాలం నాటి మాట కూడా వద్దనుకున్నారు. ఓడిపోతూ కూడా అంత పట్టుదల.

దీంతో పాటు అదే టంకశాల ఫెర్డినాండు 8 రియాల్స్ ఒకటి పెట్టుకుంటే జత అద్భుతంగా ఉంటుంది. అదే కొండ వెండి, అదే కొలత, ఒకదాని మీద రాజు ఒకదాని మీద సూర్యుడు. ఫెర్డినాండువి తక్కువకే వస్తాయి. నేను నా ట్రేలో అలాగే పక్కపక్కన పెట్టాను.

సీమకుర్రోడు:
ఇట్లాంటివే వేరే దేశాలవి కూడా ఉన్నాయా సార్, అప్పుడే పుట్టిన ప్రభుత్వాలవి?

వెండికాసు:
ఉన్నాయి. చిలీ 1817 పేసో చూడు, అగ్నిపర్వతం బొమ్మ, మీద చిలీ ఇండిపెండియెంటే అని రాసుకున్నారు, వాళ్ళ స్వాతంత్ర్య ప్రకటన మాత్రం 1818 ఫిబ్రవరి 12. అక్కడ కూడా నాణెమే ముందు. మెక్సికోలో 1811లో సీతాక్వారో జుంటా వాళ్ళు వేసిన 8 రియాల్స్ మీద గద్ద ఉంటుంది గానీ ఫెర్డినాండు పేరు కూడా ఉంటుంది, అంత ధైర్యం అప్పటికి రాలేదు. అక్కడి తిరుగుబాటు నాయకుడు మోరెలోస్ వాళ్ళవి ఎక్కువగా రాగివి, విల్లూ బాణం బొమ్మతో, గెలిచాక బంగారం వెండిలో చెల్లిస్తాం అనే మాట మీద నడిచిన నాణేలు. వాటిలో వెండివి అని అమ్మేవాటి జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు, నకిలీలు చాలా ఎక్కువ, నాకే నమ్మకం చాలదు.

సీమకుర్రోడు:
తెనాలి అన్నా నువ్వు కొంటే ఊరికి వచ్చేటప్పుడు తీసుకురా, కళ్ళారా చూస్తాం.

వెండికాసు:
ఆ పని మాత్రం ఆలోచించి చెయ్యాలి. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వంద ఏళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందకి వస్తుంది, కేంద్ర ప్రభుత్వమో అది అధికారం ఇచ్చిన సంస్థో తప్ప ఎవరూ దేశం బయటికి పంపకూడదు. తెచ్చాక తిరిగి తీసుకెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఇది అమెరికాలో కొన్నది అని నిరూపించుకోవడం ఎందుకొచ్చిన బాధ. డాలస్‌లో కొన్నది డాలస్‌లోనే ఉంచు, రసీదు జాగ్రత్త, మాకు ఫోటోలు చాలు.

తెనాలి_టు_డాలస్:
కొనేశాను. ఇవాళ పొద్దున్నే తూకం, గ్లాసు, దారం సంచిలో పెట్టుకుని వెళ్ళాను, అమ్మేవాడికి చెప్తే సంతోషంగా ఒప్పుకున్నాడు, తనే నీళ్ళు తెచ్చిచ్చాడు. బరువు 26.60. నీళ్ళలో 2.58. అంటే 10.31. ఆ అంకె వచ్చినప్పుడు నా చెయ్యి వణికింది నిజంగా. పీటీఎస్ ముద్ర దొరకడానికి అయిదు నిమిషాలు పట్టింది, లైటు పక్క నుంచి పడేలా తిప్పితే కనపడింది. పూడ్చిన చోట లక్ష్మి అక్క చెప్పినట్టే ఒక అక్షరం చేత్తో చెక్కి ఉంది, అడిగితే దాచకుండా అవునన్నాడు, రసీదు మీద కూడా రాసిచ్చాడు. కిరణాలు లెక్కపెట్టాను గోదారన్నా, చిల్లు దగ్గర ఒకదాని కొన పోయింది, దాంతో కలిపి 32.

ఇంటికొచ్చి నాన్నకి కాల్ చేసి రెండు వైపులా చూపించాను. ఆయన పాత రూపాయలు చాలా చూసిన మనిషి. కాసేపు చూసి, తిప్పు, ఇంకోసారి తిప్పు అన్నారు. తర్వాత, ఒరేయ్ ఇందులో రాజు ఏడిరా అని అడిగారు. నేను అరగంట చెప్పాను, సాల్టా దగ్గర్నుంచి టుకుమాన్ దాకా. ఆయన ఫోన్ పెట్టకుండా మొత్తం విన్నారు. విభూతి మాట అమ్మ మళ్ళీ ఎత్తితే ఆయనే వద్దన్నారు.

ఓరుగల్లు_పోరడు:
శానా సంతోషం అన్నా. ఫోటోలు పెట్టు, నా నకిలీది పక్కకు పెట్టి సూస్త.

వెండికాసు:
శుభం బాబూ. మెత్తగా వంగే ప్లాస్టిక్ కవర్లో ఇచ్చి ఉంటే ఇవాళే మార్చెయ్, పీవీసీ అయితే కొన్నాళ్ళకి పచ్చటి జిగురు వదుల్తుంది వెండి మీద. గట్టి కాప్స్యూల్ తీసుకో, 39 మిల్లీమీటర్లు సరిపోవచ్చు గానీ కొలిచి కొను, ఆ కాలపువి ఒకటి ఉన్నట్టు ఇంకోటి ఉండదు.

తెనాలి_టు_డాలస్:
మెత్తటి కవరే మాస్టారూ, ఇప్పుడే తీసేశాను. కాప్స్యూల్ ఆర్డర్ పెట్టి ఫోటోలు రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను. ఫెర్డినాండుది ఒకటి వెతకడం మొదలెట్టాను.